మా అమ్మాయి రాసిన ‘పందికొక్కు’

మా అమ్మాయి తనంతట తాను అడిగి రాయించుకున్న మొదటి తెలుగు మాట ‘పందికొక్కు’. ఆదివారం తెలుగు తరగతికి మూడేళ్లుగా బతిమాలి తీసుకువెళ్తున్నాను. ‘అమ్మ, ఆవు, ఇల్లు, ఈగ’ దగ్గరే ఆవలిస్తుంది. అలాంటి పిల్ల ఒక సాయంత్రం బడిలో ఇచ్చిన అట్ట పట్టుకుని వంటింట్లోకి వచ్చి, “బొమ్మ కింద తెలుగులో కూడా పేరు రాయాలి, చెప్పమ్మా” అంది. ‘క’ కింద ‘క’ వత్తు కుదిరేదాకా నాలుగుసార్లు చెరిపి రాసింది.

అట్ట మీది బొమ్మ ఆస్ట్రేలియా జంతువుది, తూర్పు చారల బ్యాండికూట్. పొడుగాటి ముక్కు, నడుము వెనుక మూడు నాలుగు లేత చారలు, ముప్పావు కిలో బరువు. బ్యాండికూట్ అనే ఇంగ్లీషు మాట మన పందికొక్కు నుంచే పుట్టింది. మన దగ్గర ఆ మాట విని నేర్చుకున్న ఇంగ్లీషువాళ్లు మేముంటున్న ఈ ఆస్ట్రేలియాలో కాస్త ఆ పోలికలున్న జంతువు కనిపిస్తే అదే పేరు పెట్టారు. నిజానికి రెండింటికీ చుట్టరికం లేదు. మనది ఎలుకల కుటుంబానిది. ఇది కంగారూలాగా పిల్లలను సంచిలో పెంచుతుంది. నేల తవ్వేటప్పుడు పిల్లల మీద మట్టి పడకుండా ఆ సంచి నోరు వెనక్కి తిరిగి ఉంటుంది. ఇదంతా నాకు చెప్పింది మా అమ్మాయే. పేరు ఎక్కడిదో ఒక్కటే నేను చెప్పగలిగాను.

ఆ రాత్రే తెనాలిలో ఉన్న మా అమ్మకు ఫోనులో బొమ్మ చూపించి, వీటిని పెంచి బయట వదులుతున్నారని చెప్పింది. “పందికొక్కులను పెంచి మరీ వదులుతున్నారా! ఎవరైనా వింటే నవ్వుతారే తల్లీ” అంది అమ్మ. అమ్మ మాటలో తప్పు లేదు. కోతలకు ముందు చేలగట్ల కింద కన్నాలు చేసి, వరి కంకులు కొరికి లోపల దాచుకునే జంతువు అది. పొలంలో కన్నాలకు పొగపెట్టి వాటిని పట్టిస్తుంటే గట్టు మీద నిలబడి చూసిన రోజులు నాకు గుర్తున్నాయి. తిండిపోతును తిట్టాలన్నా మా ఇంట్లో ఆ మాటే.

కానీ అమ్మమ్మకు జవాబు చెప్పాలని మా అమ్మాయి పట్టుదలగా కూర్చుంది. తెలుగులో, తడుముకుంటూ. ఇది ధాన్యం తినదు, పురుగులను తింటుంది అని చెప్పింది. అవి ఎక్కడికి పోయాయని అమ్మమ్మ అడిగితే, “నక్క తినేసింది” అంది. ఆ రెండు ముక్కల వెనుక ఒక శతాబ్దం కథ ఉంది. యూరప్ నుంచి వచ్చినవాళ్లు వేట సరదా కోసం నక్కలను తెచ్చి వదిలారు. గడ్డి మైదానాలు దున్ని పొలాలు, పచ్చిక బయళ్లు చేశారు. 1989 నాటికి ఆస్ట్రేలియా ప్రధాన భూభాగంలో ఈ జంతువులు నూట యాభై వరకే మిగిలాయి. అవీ హామిల్టన్ అనే చిన్న పట్టణం చుట్టూ, చెత్తకుప్పలో పడేసిన పాత కార్ల తుక్కులో తలదాచుకున్నాయి. వాటిలో కొన్నిటిని పట్టి పెంచడం మొదలుపెట్టారు. 1991 నుంచి ఆ బాధ్యత జూలకు వచ్చింది. పిల్లలు కడుపులో ఉండేది పన్నెండు రోజులకు కాస్త ఎక్కువ, అంతే. కాబట్టి పిల్లలు త్వరగానే పుడతాయి. కానీ పెంచడం ఒక ఎత్తు, వదలడం ఒక ఎత్తు. వదిలిన చోట నక్క ఉంటే పడిన శ్రమంతా మట్టిపాలే. అందుకే కంచెలు కట్టారు, నక్కలు లేని దీవులు వెతికారు, గొర్రెల మందలను కాచే మరెమ్మా కుక్కలకు వీటిని కాపాడడం నేర్పారు. 2021లో మేముండే విక్టోరియా రాష్ట్ర ప్రభుత్వం ఈ జంతువును ‘అడవిలో అంతరించినది’ అన్న జాబితా నుంచి తీసి ‘ప్రమాదంలో ఉన్నది’ అన్న జాబితాలో చేర్చింది. మూడు దశాబ్దాలు పట్టింది.

మేముండేది మెల్‌బోర్న్‌కు పడమట, వెరిబీ దగ్గర. స్థలం కొన్నప్పుడు చుట్టూ ఏమీ లేదని, ఖాళీ నేల అని మా వాళ్లందరికీ చెప్పాను. ఈ జంతువు ఒకప్పుడు మెల్‌బోర్న్ నుంచి దక్షిణ ఆస్ట్రేలియా సరిహద్దు దాకా పరచుకున్న గడ్డి మైదానాల్లో తిరిగేదని పటంలో చూసి మా అమ్మాయి అడిగింది: “అంటే మన ఇల్లు ఉన్నచోట కూడానా?” ఉండే ఉంటాయన్నాను. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. మా ఊరి చెట్టూ పుట్టా పేర్లు పిల్లకు అందడం లేదని ఇన్నాళ్లూ దిగులు పడ్డాను గానీ, పిల్ల పుట్టిన నేల మీది గడ్డి పేరు ఒక్కటీ నేను నేర్చుకోలేదు. దానికి సిగ్గుపడ్డాను, ఇప్పుడూ సిగ్గుగానే ఉంది.

శీతాకాలపు సెలవుల్లో ఫిలిప్ దీవికి వెళ్లాం. అక్కడ నక్కలను పూర్తిగా తొలగించాక, 2017లో వీటిని వదిలారు. పెంగ్విన్లను చూసి తిరిగి వస్తుంటే మా ఆయన కారు నెమ్మది చేశారు. రోడ్డు పక్క గడ్డిలో ఒకటి ముక్కు నేలకానించి చకచకా తవ్వుతోంది. అది వెళ్లిపోయాక గడ్డిలో చిన్న గరాటు ఆకారపు గుంట మిగిలింది. మా అమ్మాయి అందులో వేలు పెట్టి లోతు చూసింది.

ఈ జనవరిలో హైదరాబాద్ వెళ్లినప్పుడు నెహ్రూ జూ పార్కు చూడాలని తనే పట్టుబట్టింది. అక్కడ మూషిక జింకలను పెంచుతున్నారు. హైదరాబాద్‌లోనే ఉన్న జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలతో కలిసి చేసిన ఈ పనిలో, 2017లోనే కొన్నిటిని నల్లమలలో, అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో వదిలారు. నల్లమలకు ఇవతలే పెరిగిన నాకు ఆ అడవిలో కుందేలంత జింక ఉంటుందని తెలియదు. “ఇవి కూడా ఇంటికి వెళ్తాయా అమ్మా?” అని అడిగింది. కొన్ని వెళ్లాయని చెప్పాను.

అమ్మ ఇప్పుడు ఫోను చేస్తే నన్ను పలకరించడానికి ముందే “నీ సంచి పందికొక్కులు ఎలా ఉన్నాయే?” అని మనవరాలిని అడుగుతుంది. ఆ పేరు అమ్మ పెట్టిందే. నిన్న వాళ్లిద్దరూ మాట్లాడుకుంటుంటే కుక్కల ప్రసక్తి వచ్చింది. పిల్ల ఫోను బల్ల మీద పెట్టి పరుగున నా దగ్గరికి వచ్చి, ‘కాపలా’ అన్న మాట అడిగి తీసుకుని మళ్లీ పరుగెత్తింది.