డాస్ కంప్యూటరు నుంచి ఫైళ్లు బయటికి తేవాలంటే

భీమవరం దగ్గర మా బంధువుల బియ్యం మిల్లు పాత లెక్కలు ఇప్పటికీ 486 ప్రాసెసరు ఉన్న ఒక కంప్యూటరులో, విండోస్‌కు ముందు కాలపు ఆపరేటింగ్ సిస్టమైన డాస్‌లోనే ఉన్నాయి. వాటిని కొత్త యంత్రానికి చేర్చే మార్గాలను శ్రద్ధగా పోల్చి చూశాను.

1993లో ఎంఎస్-డాస్ 6తో వచ్చిన, రెండు కంప్యూటర్లను కలిపే ఇంటర్‌లింక్ ప్రోగ్రాముకు నెట్‌వర్క్ కార్డు అక్కరలేదు, ఒక కేబులు చాలు. అయితే సీరియల్ కేబులు మీద సెకనుకు 1,15,200 బిట్లు మించవు కనుక 10 మెగాబైట్లు పంపడానికి పావుగంట పడుతుంది. పైగా ఫైళ్లు ఇచ్చే కంప్యూటరులో దాని జోడు ప్రోగ్రాము ఇంటర్‌సర్వ్ నడుస్తున్నంత సేపూ ఆ కంప్యూటరు మరే పనీ చేయలేదు. ఆర్టిసాఫ్ట్ వారి లాన్‌టాస్టిక్ అనే నెట్‌వర్క్ సాఫ్ట్‌వేరులో ప్రతి యంత్రమూ ఇస్తూ, పుచ్చుకుంటూ తన పని తాను చేసుకోగలదు. పాత యంత్రాలు మాత్రమే ఉన్నచోట నా ఓటు దానికే.

డాస్ యంత్రాన్ని విండోస్ నెట్‌వర్క్‌కు కలిపే మైక్రోసాఫ్ట్ డాస్ క్లయింటు, డాస్ ప్రోగ్రాములకు దొరికే 640 కిలోబైట్ల మెమరీలో చాలా భాగాన్ని ఆక్రమిస్తుంది. అదీగాక అవతలి కొత్త యంత్రంలో దానికి కావలసిన, ఫైళ్లు పంచుకునే పాత పద్ధతి ఎస్‌ఎంబీ 1, 2017 నాటి 1709 వెర్షను నుంచి విండోస్ 10లో సహజంగా రావడం లేదు. భద్రత దృష్ట్యా దానిని మళ్లీ తెరవమని నేను ఎవరికీ చెప్పను.

అందువల్ల డాస్ కోసం రాసిన నెట్‌వర్క్ ప్రోగ్రాముల కట్ట ఎంటీసీపీలోని ఎఫ్‌టీపీ (ఫైళ్లు పంపే పద్ధతి) సర్వరునే ఎంచుకున్నాను. దానికి కావలసినది ఈథర్‌నెట్ కార్డు, ఆ కార్డును డాస్ ప్రోగ్రాములు వాడుకునేలా చేసే, దానికి తగిన ప్యాకెట్ డ్రైవరు. డ్రైవరు దొరకడమే అసలు కష్టం. ఎఫ్‌టీపీలో పాస్‌వర్డు సైతం బాహాటంగానే ప్రయాణిస్తుంది కాబట్టి, ఇంటర్నెట్‌తో సంబంధం లేని విడి స్విచ్చికే ఆ రెండు యంత్రాలనూ కలపాలి.