పెరంబూరు మిద్దె మీద ఏబీఎస్ బెంచి: ఇప్పటిదాకా అయిన పని

గట్టిగా బ్రేకు వేసినా చక్రం లాక్ అయి జారకుండా చూసేది ఏబీఎస్. అదెలా పనిచేస్తుందో చూడ్డానికి చెన్నైలో మా మిద్దె మీద ఒక బెంచి కట్టుకుంటున్నాను. పోయినసారి రాసేనాటికి దాని మీద ఒక హబ్బు (చక్రం బిగించే మధ్య భాగం), చక్రం వేగం చూసే ఒక సెన్సారు ఉన్నాయి. ఇప్పుడు పాత వాషింగ్ మెషిన్ మోటారుకి బెల్టులు తగిలించి రెండు హబ్బులు తిప్పుతున్నాను. వాల్వు బ్లాకు (చక్రాలకి వెళ్లే బ్రేకు ప్రెషరుని ఆపి వదిలే దిమ్మ) విప్పాను. ప్రోగ్రాము చక్రం ఎంత జారుతోందో లెక్క కడుతోంది. సొంత కారు బ్రేకుల జోలికి మాత్రం వెళ్లలేదు, వెళ్లను కూడా. రోడ్డు మీద తిరిగే బండిలో సెన్సారు వైరుకి చిన్న రెసిస్టరు తగిలించినా హెచ్చరిక లైటు వెలిగి ఏబీఎస్ మొత్తం పడుకోవచ్చు. అందుకే ఇదంతా పుదుపేట పాత బండి సామాన్ల బజారులో కొన్న సామానుతోనే.

ముందు సెన్సారు. పాత బండ్లలో పళ్ల చక్రం, దాని ఎదురుగా ఒక కాయిల్ ఉండేవి. చక్రం నెమ్మదించేకొద్దీ సిగ్నల్ నీరసపడిపోయేది. ఇప్పుడు చాలా బండ్లలో పళ్లు లేవు, బేరింగు సీలులోనే అయస్కాంత ధ్రువాలు వరసగా ఉంటాయి. చూడ్డానికి ఉత్త నల్ల రబ్బరు రింగు. దాని మీద పల్చటి కాగితం పరిచి ఇనుప రజను చల్లి వేలితో తట్టాను. తట్టినకొద్దీ రజను సర్దుకుని, రింగు చుట్టూ దువ్వెన పళ్లలా సన్నటి గీతలు తేలాయి. కాగితం లేకుండా మాత్రం చల్లకండి, అంటుకున్న రజను ఓ పట్టాన వదలదు.

ఈ రింగు బేరింగుకి ఒక పక్కే ఉంటుంది. నాకు హబ్బు అమ్మిన అంగడి అన్న అదే చెప్పాడు: "బేరింగు మార్చాక లైటు వెలిగిందని వస్తారు తమ్ముడూ. సెన్సారు బాగానే ఉంటుంది. బేరింగే తిరగేసి బిగించేసి ఉంటారు."

వైర్లు రెండే. 12 వోల్టులు ఇస్తే సెన్సారు ఒక ధ్రువం దగ్గర 7 మిల్లీఆంపులు, పక్క ధ్రువం దగ్గర 14 మిల్లీఆంపులు లాగుతుంది. 100 ఓమ్‌ల రెసిస్టరు మీద అది 0.7, 1.4 వోల్టులవుతుంది. చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచ్చీ స్ట్రీట్‌లో ఎక్కడైనా దొరికే ఎల్ఎం393 కంపారేటరుని (రెండు వోల్టేజీలని పోల్చే చిప్పుని) సుమారు 1.05 వోల్టుల దగ్గర నిలబెడితే శుభ్రమైన పల్సులు వస్తాయి. ఆర్డుయినో నానో అనే చిన్న కంప్యూటరు బోర్డులో 2, 3 నంబరు పిన్నులకి ఇంటరప్ట్ (పల్సు రాగానే ప్రోగ్రాముని పిలిచే ఏర్పాటు) ఉంది కాబట్టి రెండు హబ్బులకీ ఒక్క బోర్డు చాలు.

నా బేరింగు ఒక చుట్టుకి 48 పల్సులిస్తుంది. 165/80 ఆర్14 టైరు ఒక చుట్టుకి సుమారు 1.95 మీటర్లు పోతుంది, అంటే పల్సుకి 4 సెంటీమీటర్లు. గంటకి 36 కిలోమీటర్ల వేగంలో సెకనుకి 250 పల్సుల దాకా, పల్సుకీ పల్సుకీ మధ్య 4 మిల్లీసెకన్లు. వినడానికి బాగానే ఉంది. చిక్కు ఎక్కడంటే, ధ్రువాలు కచ్చితంగా సమాన దూరంలో ఉండవు. పక్కపక్క పల్సుల మధ్య 1 శాతం తేడా ఉన్నా, ఆ వేగంలో లెక్క కడితే 2.5 జీ (భూమి ఆకర్షణకి రెండున్నర రెట్లు) బ్రేకు వేసినట్టు చూపిస్తుంది. ఎండిన తారు మీద మామూలు టైరు 1 జీ దాటి ఆగడమే కష్టం. ప్రోగ్రాము ఆ అంకెని నమ్మితే ఊరికే బ్రేకు వదిలేస్తుంది. 8 పల్సుల సగటు తీసుకుంటే ఆ తప్పుడు అంకెలు సర్దుకున్నాయి, కానీ ఆ వేగంలో 32 మిల్లీసెకన్లు ఆలస్యం. నడక వేగానికి వచ్చేసరికి పల్సులు మరీ దూరమవుతాయి. అసలు ఏబీఎస్‌లు కూడా ఆ వేగంలో తప్పుకుని చక్రాన్ని లాక్ కానిస్తాయి.

వాల్వు బ్లాకు కొనేవాళ్లకి ఒక చిట్కా. కంప్యూటరు డబ్బా విప్పితే వాల్వుల తలలు పైకి కనిపిస్తాయి. నాలుగు చక్రాలకీ విడివిడిగా పనిచేసే బ్లాకులో 8 ఉంటే ఉత్త ఏబీఎస్, 12 ఉంటే స్టెబిలిటీ కంట్రోల్ (మలుపులో బండి అదుపు తప్పకుండా చూసేది) ఉన్న బండిది. ఆ అదనపు నాలుగూ డ్రైవరు పెడల్ తొక్కకపోయినా పంపు తనంతట తాను ఏదో ఒక చక్రానికి ప్రెషరు పంపడానికి. అంగడిలో మాత్రం రెండూ కిలో లెక్కే.

చక్రానికి రెండు వాల్వులు. మాస్టర్ సిలిండరు రంధ్రానికి సైకిలు పంపు బిగించి కొట్టాను. కరెంటు లేనప్పుడు గాలి చక్రం వైపు రంధ్రంలోంచి బుస్సున వచ్చింది. మొదటి కాయిల్‌కి 12 వోల్టులు ఇవ్వగానే టిక్కుమని ఆగిపోయింది. అంటే డ్రైవరు ఇంకా తొక్కుతున్నా చక్రానికి ప్రెషరు పెరగదు. రెండో వాల్వు తెరిస్తే చక్రం దగ్గరున్న ప్రెషరు బ్లాకులోని చిన్న గదిలోకి దిగుతుంది, అక్కడి ఆయిలుని పంపు మళ్లీ పెడల్ వైపు తోస్తుంది. ఏబీఎస్ పనిచేసేటప్పుడు కాలి కింద వచ్చే గడగడ ఇదే. దానికి భయపడి కాలు తీయకండి, గట్టిగా తొక్కి ఉంచి స్టీరింగ్ తిప్పండి. ఫ్యూజు పోతే మొదటి వాల్వు తెరిచే ఉంటుంది, కాబట్టి మామూలు బ్రేకు మిగులుతుంది. ఈ ఒక్క ఏర్పాటుకే డిజైన్ చేసినవాళ్లకి దండం పెట్టొచ్చు. కాయిల్‌కి కరెంటు ఎక్కువసేపు ఇవ్వొద్దు, కాలుతుంది. బ్లాకులో మిగిలిన బ్రేకు ఆయిలు పెయింటుని తినేస్తుంది, చేతికి గ్లవ్స్ ఉండాలి.

ఇక అసలు తలనొప్పి. టైరు 10 నుంచి 20 శాతం జారుతున్నప్పుడు బ్రేకు బాగా పట్టుకుంటుంది. పూర్తిగా లాక్ అయితే పక్కకి పట్టు దాదాపు పోతుంది, స్టీరింగ్ తిప్పినా బండి తిరగదు. జారుడు శాతం కట్టాలంటే చక్రం వేగం, బండి వేగం రెండూ కావాలి. బండి వేగం చెప్పే సెన్సారు ఏబీఎస్‌లో లేదు! ఉన్నవి చక్రాలే, బ్రేకు వేసినప్పుడు అవన్నీ ఎంతో కొంత జారుతూనే ఉంటాయి.

అన్నిటికన్నా వేగంగా తిరిగే చక్రాన్ని నమ్మడం సులువైన దారి. ఒక హబ్బుకి చెక్క అదిమితే జారుడు చక్కగా తేలింది. రెండిటికీ ఒకేసారి అదిమితే బండి ఆగిపోయిందనుకుని ప్రోగ్రాము చల్లగా కూర్చుంది. కార్తీక మాసపు వానలో ఈసీఆర్ (చెన్నై నుంచి సముద్రం పక్కగా పోయే రోడ్డు) మీద నాలుగూ లాక్ అయితే జరిగేది అదే. అందుకని బండి వేగం సెకనుకి సెకనుకి 9 మీటర్లకన్నా వేగంగా తగ్గడం కుదరదని ఒక హద్దు పెట్టాను. ఇప్పుడు చక్రాలు సున్నా చూపించినా అంచనా వాలుగా దిగుతుంది, జారుడు 100 శాతం అని పట్టుకుంటుంది. నిజమైన సిస్టమ్ మధ్యమధ్యలో చక్రానికి ప్రెషరు వదిలి, అది మళ్లీ రోడ్డు వేగం అందుకున్నాక అంచనాని సరిదిద్దుకుంటుంది కూడా.

1950లలో విమానాలకి డన్‌లప్ చేసిన మాక్సారెట్ అనే, చక్రం లాక్ కాకుండా చూసే పరికరంలో కంప్యూటరే లేదు. చక్రంతో పాటు తిరిగే ఫ్లైవీల్ ఉండేది. చక్రం ఠక్కున ఆగితే ఫ్లైవీల్ ముందుకి పోయి వాల్వు తెరిచేది. నా 9 మీటర్ల హద్దు చేసే పని దాని బరువు చేసింది. 1966లో జెన్సెన్ ఎఫ్‌ఎఫ్ కారులోనూ అదే పెట్టారు. నాలుగు చక్రాల ఎలక్ట్రానిక్ ఏబీఎస్‌ని బాష్, మెర్సిడెస్ ఎస్ క్లాస్‌లో తెచ్చింది 1978లో.

ఈ హద్దుకీ ఖర్చు ఉంది. తడి రోడ్డు మీద బండి నిజంగా 4 మీటర్ల చొప్పునే తగ్గుతుంటే నా అంచనా నిజం కన్నా త్వరగా కిందికి పోయి, జారుడుని తక్కువగా చూపిస్తుంది. దీనికి ఒక యాక్సెలరోమీటరు (వేగం ఎంత త్వరగా మారుతోందో కొలిచే సెన్సారు) కలపాలి. ఎలాగూ బోర్డు కొంటాను కాబట్టి జైరో (బండి ఎంత వేగంగా తిరుగుతోందో కొలిచేది) కూడా ఉన్నదే తీసుకుంటాను. 20 మీటర్ల మలుపులో 36 కిలోమీటర్ల వేగంతో పోతే బండి సెకనుకి సుమారు 29 డిగ్రీలు తిరగాలి. స్టీరింగ్ కోణాన్ని బట్టి రావాల్సిన తిరుగుడు కన్నా జైరో ఎక్కువ చూపిస్తే వెనక భాగం జారుతున్నట్టు, అప్పుడు స్టెబిలిటీ కంట్రోల్ బయటి వైపు ముందు చక్రానికి బ్రేకు వేస్తుంది. తక్కువ చూపిస్తే ముందు భాగం సూటిగా పోతున్నట్టు, లోపలి వైపు వెనక చక్రానికి బ్రేకు వేస్తుంది. స్టీరింగ్ కోణానికి బెంచి మీద ఒక పొటెన్షియోమీటరు (తిప్పితే రెసిస్టెన్స్ మారే నాబ్) సరిపోతుందనుకుంటున్నాను.