థర్మాకోల్ చెట్టు

నిద్ర పట్టట్లేదు. దుప్పటి మీద ఇంకా ఆ తెల్ల పూసలే, దులిపితే చేతికి అంటుకుంటున్నాయి, చేతిని దులిపితే నైటీకి. రేపు చిన్నోడి స్కూల్లో ఎగ్జిబిషన్, వాడికిచ్చిన టాపిక్ "చెట్లను కాపాడుదాం", అందుకని సాయంత్రం ఐదు నుంచి తొమ్మిదింటి దాకా నేనూ వాడూ కూర్చుని థర్మాకోల్‌తో చెట్టు చేశాం.

మొన్నే టీచర్‌గారికి మెసేజ్ పెట్టా, మట్టితో చేసుకొస్తాడండీ, అత్తయ్యగారు ఏటా వినాయకుణ్ణి ఇంట్లోనే చేస్తారు, చెయ్యి తిరిగిన మనిషి, పక్కనుండి చేయిస్తారు అని. "మట్టి బరువు మేడమ్, తెచ్చేలోపు విరిగిపోద్ది, థర్మాకోల్ అయితే ఫినిషింగ్ నీట్‌గా ఉంటుంది" అని రిప్లై. మూడు రోజుల్నుంచి అదే మనసులో తొలుస్తోంది. 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధించిన ప్లాస్టిక్ సామాన్ల లిస్టులో స్ట్రాలూ, ఇయర్‌బడ్ పుల్లలూ, వాటితోపాటు డెకరేషన్‌కి వాడే థర్మాకోల్ కూడా ఉంది. ఆ లిస్టు వాడి ఈవీఎస్, అదే పర్యావరణం పాఠం, నోట్సులోనే ఉంది, గుండ్రటి అక్షరాలతో, కింద ఎర్ర ఇంకు టిక్కుతో. రాయించిందీ వాళ్లే, తెమ్మన్నదీ వాళ్లే! బ్రాడీపేటలో షాపతను లోపల్నుంచి తీసిచ్చాడు, "స్కూలుకామ్మా, ఇంకోటి కూడా తీసుకెళ్లండి, విరుగుతాయి" అంటూ.

కోస్తుంటే కీచుమని ఆ చప్పుడుకి పళ్లు జివ్వుమన్నాయి. ఆకులు అతుకుదామని క్విక్ గమ్ వేస్తే చుక్క పడ్డచోటల్లా కరిగి బొక్క. మళ్లీ కొత్త ముక్క. "అమ్మా, మిగిలిన ముక్కలేం చేస్తాం?" అన్నాడు. చెత్తబండిలో వేద్దాం అన్నా. "వాళ్లేం చేస్తారు?" అన్నాడు. ముందు పెయింట్ వెయ్యి, ఆరాలి అన్నా.

అది ఆరేదాకా కూర్చుంటే గుంటూరు దగ్గర పక్షులొచ్చే ఊరు, ఉప్పలపాడు గుర్తొచ్చింది. ఏడో క్లాసులో మా సైన్స్ మాస్టారు ఓ ఆదివారం పొద్దున్నే సైకిళ్ల మీద తీసుకెళ్లారు. ఊరి చెరువు మధ్యలో తుమ్మచెట్లు, కొమ్మ కనపడకుండా పక్షులు, గూడబాతులూ (పెలికన్లు) ఎర్రకాళ్ల కొంగలూ నత్తగుల్ల కొంగలూ, రెట్టల వాసనా చేపల కంపూ కలిసి ముక్కులు మూసుకున్నాం. మాస్టారు పాఠం ఏం చెప్పలేదు, తలా ఒక గూడు చూపించి అరగంట సేపు దాన్నే చూడండి, నోరెత్తొద్దు అన్నారు. నా గూట్లో ఒక గూడబాతు పిల్ల తల్లి ముక్కు కింద సంచిలోకి తలకాయ మొత్తం దూర్చేసింది. తల్లి దాన్ని మింగేస్తోందనుకుని అరిచా. అప్పుడు గట్టు మీద బిందె కడుక్కుంటున్న ఒకావిడ, "అరవకమ్మా, పైన పసిపిల్లలున్నాయి, అది కూడు తింటోంది" అంది. ఆ మాట, ఆ గొంతు నాకిప్పటికీ వినపడుతుంది. ఆ కంపులోనే వండుకుని తింటూ ఒక్క రాయి కూడా వెయ్యని ఊరు అది.

ఇంతవరకు టైప్ చేసి, ఇక ఈ ఈవీఎస్ పుస్తకాలెందుకు, పిల్లల్ని చెరువు గట్టుకి తీసుకెళితే చాలదా అని రాయబోయి ఆగాను. మా క్లాసులో అరవైమందిమి. ఆ రోజు వచ్చింది పదకొండుమంది, ఆడపిల్లలం ఇద్దరమే, అదీ నాన్న సైకిల్ కొనిచ్చాడు కాబట్టి. మిగతా వాళ్లకి ఎవరు చెప్పారు? 1991లో లాయరు ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని స్కూళ్లలో తప్పనిసరి పాఠం చెయ్యమన్నది ఆ మిగతా నలభైతొమ్మిది మంది కోసమే కదా. మంచి మాస్టారు దొరకడం అదృష్టం, పుస్తకం మాత్రం అందరి సంచిలోకీ వస్తుంది. మొన్న రైతుబజార్‌లో "అమ్మా, గుడ్డసంచి తెచ్చావా" అని అడిగింది వీడే, అది నేను నేర్పింది కాదు. ఆ ముక్కలేం చేస్తారు అన్న ప్రశ్న కూడా ఆ పాఠంలోంచే వచ్చి ఉంటుంది. మరి నేనేం చేశాను, పెయింట్ వెయ్యమన్నా.

కోపం పోలేదు. కాకపోతే పాఠం మీద కాదు, ఆ ఫినిషింగ్ మీద. టీచర్‌గారి మీద కూడా పూర్తిగా కాదులే, ఎగ్జిబిషన్ ఫొటోలు నీట్‌గా రావాలని ఆవిడకి పైనుంచి ఎంత ఒత్తిడో.

రేపు పొద్దున వాడికి జవాబు చెప్పాలి. అది కుళ్లదురా, పూసలు పూసలుగా విడిపోయి గాలికి కాలవలో పడుతుంది, అక్కణ్ణుంచి చెరువులోకి, చేప నోట్లోకి, ఆ చేప గూడబాతు సంచిలోకి, అక్కణ్ణుంచి దాని పిల్లకి అని. ఆదివారం ఉప్పలపాడు తీసుకెళ్లాలి, ఆయన్ని బండిలో పెట్రోల్ కొట్టించమనాలి.

ఇందాక మంచినీళ్లకి లేచి చూస్తే చెట్టు కింద ఒక మట్టి గూడబాతు కూర్చుని ఉంది. నేను వంటింట్లో ఉన్నప్పుడు వాడూ నాన్నమ్మా కలిసి చేసినట్టున్నారు, వినాయకుడి మట్టి మిగిలింది కదా. ముక్కు ఇంకా పచ్చిగానే ఉంది, ఫ్యాన్ కింద పెట్టి వచ్చాను.