"ఆయనకి ఉన్నట్టే ఇచ్చేయండి" అనే టికెట్ గురించి

మాదాపూర్‌లో గానీ అమీర్‌పేటలో గానీ సిస్టమ్ అడ్మిన్ పని చేసేవాళ్ళని ఎవర్ని అడిగినా చెప్తారు, కొత్తగా ఒకరు జాయిన్ అయిన రోజు వచ్చే టికెట్, అంటే మాకు వచ్చే రిక్వెస్ట్, ఎప్పుడూ ఒకటే. "అన్నా, కొత్తమ్మాయి వచ్చింది, పక్క సీట్లో ఆయనకి ఏమేం ఉన్నాయో అవే ఈమెకీ ఇచ్చెయ్, జర జల్ది." ఆ అమ్మాయి ఏ పని చేస్తుందో, ఏది చూడాలో, ఏది మార్చాలో అందులో ఒక్క ముక్క ఉండదు. సాఫ్ట్‌వేర్‌లో ఎవరు ఏది చూడొచ్చు, ఏది మార్చొచ్చు అనే పర్మిషన్ల గందరగోళం అంతా ఇక్కడే మొదలవుతుందని నా గట్టి నమ్మకం.

నేను డయాగ్నస్టిక్ ల్యాబుల సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తాను కాబట్టి ఆ ఉదాహరణే చెప్తా. పక్క సీట్లో ఆయన మొదట ఫ్రంట్ డెస్క్‌లో చేరాడు, తర్వాత బిల్లింగ్‌కి మారాడు, మధ్యలో ఎవరో లీవ్ పెడితే కొన్నాళ్ళు రిజల్ట్ ఎంట్రీ కూడా చేశాడు అనుకోండి. అప్పుడప్పుడు ఇచ్చినవన్నీ అలాగే ఉండిపోతాయి, ఎందుకంటే ఇవ్వమని ఫోన్ చేసేవాళ్ళు ఉంటారు గానీ తీసేయమని ఎవరూ ఫోన్ చెయ్యరు. ఇప్పుడు ఆయన లాగిన్‌ని కాపీ కొట్టి నిన్న చేరిన అమ్మాయికి ఇస్తే, బిల్లు కొట్టడానికి వచ్చిన మనిషికి పేషెంట్ల రిపోర్టులు చూడటమే కాదు మార్చే అధికారం కూడా వచ్చేస్తుంది. కొన్ని నెలలకి ఇంకొకరు వస్తారు, వాళ్ళకి మళ్ళీ "ఈమెకి ఉన్నట్టే". అందులో హెచ్‌ఐవీ రిపోర్ట్ ఉండొచ్చు, దాన్ని గోప్యంగా ఉంచాలని 2017లో చట్టమే చేశారు. ఆ పేషెంట్ మనల్ని నమ్మి చెయ్యి చాపి రక్తం ఇచ్చాడు కదా, ఆ నమ్మకానికి ఇదా మనం ఇచ్చే విలువ అనిపిస్తుంది నాకు.

దీనికి మందు కొత్తగా కనిపెట్టాల్సిన పనిలేదు, రోల్ బేస్డ్ యాక్సెస్ కంట్రోల్ అని ఎప్పటి నుంచో ఉంది, అంటే మనిషిని బట్టి కాకుండా చేసే పనిని (రోల్) బట్టి అధికారం ఇవ్వడం. 1992లోనే అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీలో పనిచేసే డేవిడ్ ఫెరాయోలో, రిచర్డ్ కూన్ ఇద్దరూ దీని మీద పేపర్ రాశారు, 1996లో రవి సంధు బృందం పూర్తి మోడల్ ఇచ్చింది, 2004లో అది అమెరికన్ స్టాండర్డ్ కూడా అయింది. విషయం చిన్నదే, పర్మిషన్ రోల్‌కి ఇస్తాం, మనిషిని రోల్‌లో చేరుస్తాం, మనిషికి నేరుగా ఏమీ ఇవ్వం. తహసీల్దారు బదిలీ అయితే సంతకం పెట్టే అధికారం ఆయన వెంట బస్సెక్కి పోదు కదా, కుర్చీలోనే ఉంటుంది, ఇదీ అంతే.

లెక్క వేసి చూసినా తేడా తెలుస్తుంది. 40 మంది, డేటాబేస్‌లో డేటా దాచే పట్టికలు (టేబుల్స్) 60 ఉన్నాయనుకుంటే ఎవరికి ఏది అని విడివిడిగా చూడాల్సినవి 2400. అదే 6 రోల్స్ పెట్టుకుంటే రోల్‌కీ టేబుల్‌కీ మధ్య 360, మనుషుల్ని చేర్చడం మనిషికి ఒకటో రెండో. ఆ 360 కూడా ఒకసారి కూర్చుని ఆలోచించి పెట్టేవి, మనిషి మారినప్పుడల్లా ముట్టుకోవాల్సినవి కావు.

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో అయితే 2005లో వచ్చిన 8.1 వెర్షన్ నుంచి యూజర్, గ్రూప్ రెండూ రోల్సే, లాగిన్ లేని రోల్ ఒకటి చేసి దానికే గ్రాంట్లు (పర్మిషన్లు) ఇవ్వాలి. ఇక్కడ చాలామందికి తగిలే దెబ్బ ఒకటుంది, స్కీమాలో (టేబుల్స్ ఉండే గుంపులో) ఆల్ టేబుల్స్ మీద సెలెక్ట్, అంటే చూసే పర్మిషన్, ఇచ్చేశాం అయిపోయింది అనుకుంటారు గానీ అది ఆ క్షణానికి ఉన్న టేబుల్స్‌కి మాత్రమే, రేపు క్రియేట్ అయ్యే టేబుల్‌కి రాదు. దానికి ఆల్టర్ డిఫాల్ట్ ప్రివిలేజెస్ అనే కమాండ్ వాడాలి, అది కూడా టేబుల్స్ ఎవరు క్రియేట్ చేస్తారో ఆ రోల్ పేరు మీద పెట్టాలి, లేకపోతే పనిచేయదు. ఇది తెలియక విసుగొచ్చి మళ్ళీ మనుషులకే నేరుగా గ్రాంట్లు ఇచ్చేస్తుంటారు. తర్వాత ఆ మనిషి ఉద్యోగం మానేసిన రోజు ఆయన్ని తీసేసే డ్రాప్ యూజర్ కమాండ్ కొడితే ఈయన మీద ఇంకా ప్రివిలేజెస్ ఉన్నాయి, కుదరదు అని ఎర్రర్ వస్తుంది, అప్పుడు అవన్నీ తీసేదాకా యూజర్ పోడు. మై ఎస్‌క్యూఎల్ అనే ఇంకో డేటాబేస్‌లో రోల్స్ 8.0 వెర్షన్‌తో గానీ రాలేదు, వచ్చాక కూడా డిఫాల్ట్ రోల్ సెట్ చెయ్యకపోతే రోల్ ఇచ్చినా లాగిన్ అయినప్పుడు యాక్టివ్ అవ్వదు.

రోల్ పేరు పనిని బట్టి పెట్టండి. శాంపిల్ తీసుకోవడం, రిజల్ట్ ఎంట్రీ, రిపోర్ట్ అప్రూవల్, బిల్లింగ్, ఇలా. సీనియర్ ఎగ్జిక్యూటివ్ లాంటి హోదాల మీద పెడితే ఏ హోదాలో ఎవరు ఏం చేస్తారో బ్రాంచికో రకంగా ఉంటుంది, చివరికి మేనేజర్ వన్, మేనేజర్ టూ అని మనిషికో రోల్ తయారవుతుంది, అప్పుడిక రోల్స్ ఉండీ లేనట్టే. రెండు పనులు చేసేవాళ్ళకి రెండు రోల్స్ ఇస్తే సరిపోతుంది, వాళ్ళ కోసం మూడోది పుట్టించక్కర్లేదు. కాకపోతే రిజల్ట్ ఎంటర్ చేసే రోల్, అప్రూవ్ చేసే రోల్ ఒకే మనిషికి పడకూడదు, బ్యాంకుల్లో ఎంట్రీ వేసేవాళ్ళు ఒకరు పాస్ చేసేవాళ్ళు ఇంకొకరు ఉన్నట్టే.

ఇంకోటి, ఇది దయచేసి వినండి. రోల్ అంటే కౌంటర్లో అందరూ ఒకే లాగిన్, ఒకే పాస్‌వర్డ్ వాడుకోవడం కాదు. పాస్‌వర్డ్ చీటీ మానిటర్‌కి అంటించి ఉండే చోట్లు నేను చూశాను, అక్కడ ఎవరైనా రిపోర్ట్ మారిస్తే లాగ్‌లో "ఫ్రంట్‌డెస్క్" అని మాత్రమే ఉంటుంది, తప్పు ఎవరిదో తెలియక అందరికంటే జూనియర్ మీద పడుతుంది. ఎవరి లాగిన్ వాళ్ళకి ఉండాలి, అధికారం మాత్రం రోల్ నుంచి రావాలి.

రోల్ ఒక్కటే అన్నీ తీర్చదు. ఒక డాక్టర్ తన పేషెంట్ల రిపోర్టులే చూడాలి అంటే రోల్ చాలదు, వరుసల వారీగా ఆపే రో లెవల్ సెక్యూరిటీ కావాలి, పోస్ట్‌గ్రెస్‌లో అది 9.5 నుంచి ఉంది. దాని గురించి విడిగా రాయాలి.

ఇప్పటికే చిక్కుపడిపోయిన సిస్టమ్ ఉంటే అంతా ఒకేసారి పీకేయొద్దు, పొద్దున్నే ఫాస్టింగ్ శాంపిల్స్ రద్దీలో కౌంటర్ ఆగిపోతే పేషెంట్లకే ఇబ్బంది. ముందు బిల్లింగ్ లాంటి ఒక్క పని తీసుకుని రోల్ చేయండి, అందులోవాళ్ళని చేర్చండి, ఒక నెల చూసి అప్పుడు వాళ్ళ పాత గ్రాంట్లు తీసేయండి. ప్రతి నెలా ఆ రోల్‌లో ఉన్నవాళ్ళ పేర్లు టీమ్ లీడ్‌కి పంపండి, ఎనిమిదో పదో పేర్లు కాబట్టి వాళ్ళు చదువుతారు, "ఈయన కూకట్‌పల్లి బ్రాంచికి వెళ్ళిపోయాడు కదన్నా" అని వాళ్ళే చెప్తారు, రోల్ నుంచి తీసేసే ఒక్క రివోక్ కమాండ్‌తో అయిపోతుంది.