న్యూ హాంప్‌షైర్ చలిలో, ఎవరూ పట్టించుకోని అభ్యర్థి వెంట

2024 జనవరి మూడో వారాంతం. అమెరికా అధ్యక్ష పదవికి ప్రతి పార్టీ అభ్యర్థినీ ఓటర్లే ఎంచుకునే ప్రైమరీ ఎన్నిక న్యూ హాంప్‌షైర్‌లో ఇంకో రెండు మూడు రోజుల్లో ఉంది. అక్కడి మాంచెస్టర్‌లో హోటల్ గది అద్దె చూస్తే కళ్ళు తిరిగాయి. మామూలు శీతాకాలంలో బోసిగా ఉండే మోటెళ్ళను టీవీ చానళ్ళ వాళ్ళు ఎప్పుడో పట్టేసుకున్నారు. నాషువాలో తెలిసినవాళ్ళింట్లో దిగి రోజూ కారులో తిరగడమే నయమనిపించింది. సేల్స్ టాక్స్ లేని రాష్ట్రమని మనవాళ్ళు బోస్టన్ నుంచి షాపింగుకి వస్తారు గానీ, ఇక్కడ హోటల్ భోజనం మీదా గది అద్దె మీదా 8.5 శాతం పన్ను ఉంది. రాష్ట్ర రాజధాని కాంకర్డ్ వెళ్ళే దారిలో హుక్సెట్ దగ్గర టోల్ అదనం.

పెద్ద అభ్యర్థుల సభల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి, మెటల్ డిటెక్టర్ దాటాలి, గంటల కొద్దీ మంచులో నిలబడాలి. లోపల కనిపించేది కెమెరాల వీపులే. ఆ గంటన్నర ఇంట్లో కూర్చుని టీవీలో చూసినా ఒకటే.

నన్ను కదిలించింది ఒక చిన్న ఊరి లైబ్రరీలో, కింది అంతస్తు గదిలో జరిగిన సమావేశం. డెమోక్రాట్ల బ్యాలెట్ మీద ఆ ఏడాది 21 పేర్లున్నాయి, అందులో ఒకాయన. పేరు రాయడం లేదు. కుర్చీలు పాతిక దాకా వేశారు, వచ్చినవాళ్ళం పదిమందిమి కూడా లేం. ఆయన మైకు పక్కన పెట్టి, కుర్చీ లాక్కుని మా మధ్యలో కూర్చున్నారు. ఒక్కొక్కరినీ "మీకు అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ఏది?" అని అడిగారు. వెనక నిలబడ్డ వాలంటీరు ఒకమ్మాయి ప్రతి జవాబునూ కార్డు మీద రాసుకుని, పక్కన ఒకటి నుంచి ఐదు దాకా ఒక అంకె వేసింది. ఒకటంటే గట్టి మద్దతు, ఐదంటే ఇక ఆ ఇంటి తలుపు తట్టనక్కర్లేదు. ఎన్నికల రోజున ఫోన్లు చేసి జనాన్ని బూత్‌కి రప్పించేది ఒకటి, రెండు అంకెలున్న కార్డులవాళ్ళనే. మూడున్నవాళ్ళు ఇంకా తేల్చుకోనివాళ్ళు, వాళ్ళ దగ్గరికి అభ్యర్థి స్వయంగా మళ్ళీ వెళ్ళాలి. డబ్బు లేనివాళ్ళ ప్రచారమంతా ఈ మూడో నంబరు కార్డుల మీదే నడుస్తుంది.

ఇక్కడ బ్యాలెట్ ఎక్కడం సులువు. కాంకర్డ్‌లోని స్టేట్ హౌస్‌కి వెళ్ళి, ఒక చిన్న ఫారం మీద సంతకం చేసి, 1,000 డాలర్లు కడితే చాలు. మన దగ్గర లోక్‌సభకి 25,000 రూపాయల డిపాజిట్ కడితే, పోలైన ఓట్లలో ఆరో వంతు దాటినవాళ్ళకి తిరిగొస్తుంది. ఇక్కడ కట్టింది ఎటూ రాదు. ఒక్క తేడా మాత్రం మనవాళ్ళకి వింతగా ఉంటుంది. మన దగ్గర పార్టీ బి-ఫారం ఎవరికన్నది అధిష్ఠానం ఇష్టం, నామినేషన్ల చివరి రోజు దాకా ఉత్కంఠే. ఇక్కడ ఆ నిర్ణయం ఓటర్లది. ఏ పార్టీలోనూ నమోదు కాని 'అన్‌డిక్లేర్డ్' ఓటర్లు కూడా ఆ రోజు బూత్‌లో రెండు పార్టీల్లో ఏదో ఒక బ్యాలెట్ అడిగి తీసుకోవచ్చు, ఓటేశాక బయటికి వస్తూ మళ్ళీ అన్‌డిక్లేర్డ్‌గా మారిపోవచ్చు. చిన్న అభ్యర్థులు కన్నేసేది వీళ్ళమీదే.

అసలు అడ్డు బ్యాలెట్ ఎక్కాకే మొదలవుతుంది. సర్వే చేసేవాళ్ళు ఓటర్లకి అభ్యర్థి పేరు చదివి వినిపించకపోతే శాతం రాదు. శాతం లేకపోతే డిబేట్‌కి పిలవరు. డిబేట్‌లో లేనివాడి దగ్గరికి విలేకరి రాడు. విలేకరి రాకపోతే సర్వేలో పేరు చదవరు. రిపబ్లికన్లు 2023 ఆగస్టులో మొదటి డిబేట్‌కి సర్వేల్లో 1 శాతంతో పాటు 40,000 మంది దాతలు కావాలన్నారు, డిసెంబరు నాలుగో డిబేట్‌కి అది 6 శాతం, 80,000 మంది అయింది. పోటీలో ఉన్న అప్పటి నార్త్ డకోటా గవర్నర్ డగ్ బర్గమ్ ఒక్క డాలరు విరాళమిచ్చినవాళ్ళకి 20 డాలర్ల గిఫ్ట్ కార్డు పంపి దాతల సంఖ్య నింపుకున్నారు. ఆయన సంపన్నుడు కాబట్టి సరిపోయింది. లైబ్రరీలో కూర్చున్న ఈయనకి ఆ దారి లేదు.

టీవీ ప్రకటనలూ అంతే. రాష్ట్రంలో జనం ఎక్కువున్న దక్షిణ భాగం బోస్టన్ చానళ్ళు చూస్తుంది. అక్కడ ప్రకటన కొంటే మసాచుసెట్స్ ప్రేక్షకుల ఖరీదు కూడా కట్టాలి, వాళ్ళకేమో ఈ ఎన్నికలో ఓటే లేదు. మాంచెస్టర్‌లోని టీవీ చానల్ డబ్ల్యూఎంయూఆర్ ఒక్కటే అందరికీ దిక్కు, చివరి వారాల్లో అక్కడ జాగా దొరకదు.

మిగిలింది కాళ్ళు, బోర్డులు. సమావేశం తర్వాత ఆ వాలంటీర్ల వెంట వెళ్ళాను. 18 బై 24 అంగుళాల ప్లాస్టిక్ బోర్డుకి కింద హెచ్ ఆకారపు ఇనుప తీగ ఉంటుంది. నవంబరులో అయితే చేత్తో నొక్కితే నేలలోకి దిగిపోతుంది. జనవరిలో నేల రాయిలా ఉంటుంది, తీగ వంగిపోతుంది. అందుకే లావు ఇనుప చువ్వ పెట్టి సుత్తితో ముందు రెండు బెజ్జాలు చేసి, తర్వాత తీగ దించుతున్నారు. రోడ్డు పక్కనున్న మంచుగుట్టలో గుచ్చడం తేలికే గానీ, రాత్రి మంచు తోసే బండి (స్నోప్లో) వచ్చిందంటే బోర్డు గుట్ట కింద పడి ఉంటుంది. ఇల్లిల్లూ తిరిగేటప్పుడు ఫోన్ యాప్‌ని నమ్ముకోరు, చలికి బ్యాటరీ ఉన్నట్టుండి పడిపోతుంది. కాగితం మీద ఓటర్ల జాబితా, అట్ట, పెన్సిల్. పెన్ను కాదు, సిరా గడ్డకడుతుంది. సాయంత్రం ఐదింటికల్లా చీకటి పడుతుంది కాబట్టి తలుపులు తట్టడం మధ్యాహ్నమే అయిపోవాలి.

ఇంత శ్రమ వృథా అని తేల్చేయడానికి నాకు మనసొప్పదు. 1968 మార్చిలో ఇదే రాష్ట్రంలో, సొంత పార్టీ అధ్యక్షుడి మీదే పోటీకి దిగిన సెనేటర్ యూజీన్ మెకార్తీ కోసం వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకించే విద్యార్థులు జుట్టు, గడ్డాలు కత్తిరించుకుని ఇలాగే ఇల్లిల్లూ తిరిగారు. బ్యాలెట్ మీద పేరే లేని అధ్యక్షుడు జాన్సన్‌కి, ఓటర్లు తామే పేరు చేత్తో రాసి వేసిన ఓట్లు 49 శాతం పడ్డాయి, మెకార్తీకి 42. ఓడినవాడి అంకె చూసి దేశం అదిరిపడింది. ఆ నెలాఖరునే జాన్సన్ మళ్ళీ పోటీ చేయనని ప్రకటించారు.

మన నల్గొండ గుర్తొచ్చింది. 1996లో ఫ్లోరైడ్ నీళ్ళ గోడు ఢిల్లీకి వినిపించాలని అక్కడ నామినేషన్లు వెల్లువెత్తి, లోక్‌సభ బరిలో 480 మంది నిలిచారు. బ్యాలెట్ పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా పడింది. 2019లో నిజామాబాద్‌లో పసుపు, ఎర్రజొన్న రైతులు 178 మంది అదే పని చేశారు. వాళ్ళలో ఎవరూ గెలవడానికి నిలబడలేదు, తమ మాట వినమని నిలబడ్డారు. లైబ్రరీలో ఈయన మాట్లాడిన తీరులోనూ నాకు అదే కనిపించింది.

2024 జనవరి 23న, పోలింగ్ రోజున, అప్పటి అధ్యక్షుడు బైడెన్ పేరు కూడా డెమోక్రాట్ల బ్యాలెట్ మీద లేదు. పార్టీ జాతీయ కమిటీ ప్రైమరీల వరసలో సౌత్ కరోలినాను ముందు పెట్టడంతో ఆయన ఇక్కడ నామినేషన్ వేయలేదు. అయినా చేత్తో రాసిన ఓట్లతోనే 64 శాతం దాకా తెచ్చుకున్నారు. బ్యాలెట్ మీదున్నవాళ్ళలో డీన్ ఫిలిప్స్‌కి 20 శాతం దగ్గర, మరియాన్ విలియమ్సన్‌కి 4 శాతం వచ్చాయి. మిగతావాళ్ళంతా ఇంకా కిందే.

2028 ప్రైమరీకి వెళ్ళాలనుకునేవాళ్ళు చివరి వారం పెట్టుకోవద్దు. నామినేషన్లు ముగిశాక, అంతకు ముందు ఏడాది నవంబరు చివర్లో వచ్చే థ్యాంక్స్‌గివింగ్ పండుగకి కాస్త అటూ ఇటూగా వెళ్ళండి. గదులు మామూలు ధరకే దొరుకుతాయి, రోడ్లు బాగుంటాయి. చిన్న అభ్యర్థి మీ పక్కన కుర్చీ వేసుకుని అరగంట మాట్లాడతాడు. అడగాల్సిన ప్రశ్న ముందే రాసి పెట్టుకోండి, ఆయన తప్పకుండా అడుగుతాడు మీకు ముఖ్యమైనది ఏమిటని.