కారేమో పెట్రోల్ చాలట్లేదంటోంది, ప్లగ్గులేమో నల్లగా ఉన్నాయి

రెండో శనివారం, ఆఫీసు లేదు. ఇంట్లో అందరూ వనస్థలిపురంలో పిన్ని వాళ్లింటికి బయల్దేరితే నేను కారు పనుందని చెప్పి ఆగిపోయా, నిజంగానే ఉంది కూడా. సిటీలో లీటరుకి పద్నాలుగు, పదిహేను ఇచ్చే బండి ఈమధ్య పదకొండు దగ్గరే ఆగిపోతోంది, దానికి తోడు మీటర్లో పసుపు రంగు ఇంజన్ లైటు ఒకటి, వెలిగితే ఆరట్లేదు.

మొన్న సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే స్కానర్ పెట్టి పీ0171 ఎర్రర్ కోడ్ అన్నారు, అంటే ఇంజన్‌కి గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువవుతోందని. ఇంజెక్టర్ క్లీనింగ్, థ్రాటిల్ బాడీ క్లీనింగ్, "అవసరమైతే" పెట్రోల్ పంపు అని పెద్ద ఎస్టిమేట్ రాసిచ్చారు. అవసరమో కాదో ఎట్లా తెలుస్తుంది బాబూ అంటే "మార్చి చూస్తే తెలుస్తది సార్" అన్నాడు ఆ కుర్రాడు. నాకు అక్కడే ఒళ్లు మండింది, నమస్కారం పెట్టి బయటికొచ్చేశా.

మైలేజీ గురించి మనవాళ్లలో అభిప్రాయం లేని మనిషి ఉండడు. నాన్న ఏసీ వల్లే అంటారు, ఆఫీసులో పక్క సీటాయన బంకులో కొడుతున్నారంటాడు, మా బావ అయితే ఫోన్ ఎత్తగానే "ఈ20 పెట్రోల్ రా, నేను ముందే చెప్పలేదా" అని మొదలుపెడతాడు (ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ అది). మూడూ కొంచెం కొంచెం నిజాలే, కాకపోతే ఏ ఒక్కటీ నాలుగు కిలోమీటర్లు తినేసేంత పెద్దది కాదు.

అందుకే పొద్దున్నే టీ తాగి, స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌కి (స్కానర్ పెట్టే చోటు అదే) నా దగ్గరున్న ఈఎల్‌ఎం327 బ్లూటూత్ డాంగిల్ పెట్టి ఫోన్లో యాప్ ఓపెన్ చేశా. కోడ్ ఒక్కటే చూస్తే ఏం తెలియదు, చూడాల్సింది ఫ్యూయల్ ట్రిమ్. ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటర్, తన లెక్క ప్రకారం పోయాల్సిన పెట్రోల్‌కి ఎంత శాతం కలుపుతోందో, ఎంత కోస్తోందో చెప్పే నంబర్ అది. మైనస్ 5 నుంచి ప్లస్ 5 లోపల ఉంటే మామూలు, 10 దాటిందంటే ఎక్కడో తేడా ఉన్నట్టు. నా బండిలో లాంగ్ టర్మ్ ట్రిమ్, అంటే కొన్నాళ్లుగా నేర్చుకుని గుర్తుపెట్టుకున్నది, ప్లస్ 21! ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు) అంతే, 2500 ఆర్‌పీఎంలో పట్టుకున్నా అంతే. ఇంజన్‌లోకి గాలి వెళ్లే దారిలో (ఇన్‌టేక్) ఎక్కడన్నా గాలి లీకైతే ఐడిల్‌లో ఎక్కువుండి రేజ్ చేసేకొద్దీ తగ్గాలి, కాబట్టి ఆ అనుమానం చాలావరకు పోయింది.

సరే పెట్రోల్ నిజంగానే తక్కువవుతోందా అని స్పార్క్ ప్లగ్గులు విప్పి చూస్తే నాలుగూ నల్లగా మసి. పెట్రోల్ తక్కువైన ఇంజన్‌లో ప్లగ్గులు తెల్లగా పాలిపోయి ఉండాలి. సైలెన్సర్ దగ్గర ముక్కు పెడితే పచ్చి పెట్రోల్ వాసన. అంటే ఇంజన్ పీకలదాకా తాగుతోంది, ఈసీయూ మాత్రం పాపం చాలట్లేదు చాలట్లేదని ఇంకా పోస్తోంది. కాంటా తక్కువ చూపిస్తుంటే కిరాణా కొట్టాయన పప్పు ఇంకా ఇంకా పోస్తూనే ఉంటాడు కదా, అచ్చం అదే. ఇక్కడ కాంటా అంటే ఆక్సిజన్ సెన్సార్, ఇంజన్ నుంచి వచ్చే పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూసి ఈసీయూకి చెప్పేది.

ఇదేం కొత్త వస్తువు కాదు, బాష్ కంపెనీ 1976లోనే వోల్వో కార్లకి ఇచ్చింది. లోపల జిర్కోనియా పింగాణీ ముక్క, దానికి ఒకవైపు బయటి గాలి, ఇంకోవైపు పొగ. రెండు వైపులా ఆక్సిజన్‌లో తేడా ఎంతుంటే అంత వోల్టేజీ పుడుతుంది. పొగలో ఆక్సిజన్ మిగల్లేదంటే పెట్రోల్ ఎక్కువైనట్టు, 0.9 వోల్టుల దాకా లేస్తుంది, మిగిలితే 0.1 దగ్గరికి పడిపోతుంది. బాగున్న సెన్సార్ అయితే 0.45కి అటూ ఇటూ గబగబా ఊగుతూనే ఉండాలి. నా ఫోన్లో గ్రాఫ్ చూస్తే 0.2 దగ్గర పాకుతోంది, ఎప్పుడో ఒకసారి బద్ధకంగా 0.5 దాకా లేచి మళ్లీ పడుకుంటోంది. (ఈ చవక డాంగిళ్లతో ఒక చిక్కు, పది రీడింగులు ఒకేసారి పెడితే గ్రాఫ్ నత్తలా అప్‌డేట్ అవుతుంది, మంచి సెన్సార్ కూడా చెడిపోయినట్టే కనిపిస్తుంది, అందుకే మిగతావన్నీ తీసేసి ఇదొక్కటే ఉంచి చూశా.)

అయినా వెంటనే కొనెయ్యలేదు, ఎందుకంటే సెన్సార్‌కి ముందు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గ్యాస్కెట్ (ఇంజన్‌కీ పొగ గొట్టానికీ మధ్య ఉండే సీలు) లీకైనా బయటి గాలి లోపలికి పీల్చుకుని ఇదే రీడింగ్ వస్తుంది. నాచారంలో తెలిసిన మెకానిక్ అన్న దగ్గరికి తీసుకెళ్లా. ఆయన నా ఫోన్ వైపు కూడా చూడలేదు, సైలెన్సర్‌కి తడిగుడ్డ అడ్డం పెట్టి "జర సప్పుడు ఇనుండ్రి సార్, లీకుంటే టిక్ టిక్ అంటది" అన్నాడు. ఏ టిక్కూ లేదు. తర్వాత నన్ను గ్రాఫ్ చూడమని ఎయిర్ ఫిల్టర్ గొట్టంలోకి కార్బ్ క్లీనర్ (పెట్రోల్‌లా మండే స్ప్రే) ఒక్కసారి కొట్టాడు. ఇంజన్ తడబడింది, వెనక వాసన గుప్పుమంది, సెన్సార్ ఠక్కున 0.9కి ఎగరాలి కదా, తాపీగా నడుచుకుంటూ 0.5 దాకా వెళ్లి ఆగింది. "పోయింది సార్ గిది" అన్నాడు, ఫోన్ చూడకుండానే, నా మొహం చూసి.

22 నంబర్ స్పానర్‌తో, ఇంజన్ ఇంకా వేడిగా ఉండగానే విప్పాడు, చల్లారితే థ్రెడ్డు పట్టేస్తుందట. మొన తెల్లగా పొడి పట్టినట్టుంది. ఆమధ్య ఇంకోచోట ట్యాపెట్ కవర్ (ఇంజన్ పైమూత) లీకుకి సిలికాన్ పూశారు, ఆ ఆవిరి ఇంజన్లోకి వెళ్లి ఇక్కడ పేరుకుని ఉంటుందని మెకానిక్ అన్నకి అనుమానం. సిలికాన్ సెన్సార్‌ని మందగించేలా చేస్తుందన్నది నిజమే, అందుకే సెన్సార్‌కి హాని చెయ్యని సీలెంట్లు విడిగా అమ్ముతారు.

కొత్తదానికి రాణిగంజ్ వెళ్లా, పార్కింగ్‌కే అరగంట, ఎండ. షాపాయన రెండు చూపించాడు, ఒకటి చవకది వైర్లు కోసి జాయింట్ వేసుకునేది, ఇంకొకటి కనెక్టర్‌తో సహా వచ్చేది. వైర్ల సందుల్లోంచే బయటి గాలి పీల్చుకునే రకాలు చాలా ఉన్నాయి, వాటికి సోల్డరింగ్ పెట్టి ఆ దారి మూసేస్తే కొత్త సెన్సార్ కూడా తప్పు చెప్తుంది. రెట్టింపు పోయినా కనెక్టర్ ఉన్నదే తీసుకున్నా, ఈ విషయంలో పీనాసితనం వద్దు.

బిగించి, కోడ్ చెరిపేసి, సాయంత్రం ఉప్పల్ మీదుగా ఘట్‌కేసర్ దగ్గర ఓఆర్‌ఆర్ ఎక్కి కాసేపు తిప్పా. కోడ్ చెరిపితే ఈసీయూ పాత ట్రిమ్ కూడా మర్చిపోయి మళ్లీ మొదట్నుంచి నేర్చుకోవాలి. పక్కకి ఆపి చూస్తే గ్రాఫ్ పైకీ కిందికీ చకచకా కొట్టుకుంటోంది, చూస్తుంటే మస్తు హాయి. పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ తర్వాత ఉండే రెండో సెన్సార్ 0.7 దగ్గర నిలకడగా ఉంది, అంటే కన్వర్టర్ బాగున్నట్టే, అది చూశాకే ఊపిరి పీల్చుకున్నా, ఎందుకంటే ఇన్నాళ్లు పచ్చి పెట్రోల్ తాగి కన్వర్టర్ పోయుంటే సెన్సార్ ఖర్చు దాని ముందు చిల్లర.

లాంగ్ టర్మ్ ట్రిమ్ ప్లస్ 4, 5 దగ్గర స్థిరపడింది, సున్నాకి మాత్రం రాలేదు. లెక్కేస్తే, పది శాతం ఇథనాల్ ఉన్న పెట్రోల్ ఒక వంతుకి బరువు లెక్కన గాలి సుమారు 14.1 వంతులు కావాలి, ఇరవై శాతం దానికి 13.5 చాలు. అంటే అదే గాలికి నాలుగు శాతం పైన పెట్రోల్ ఎక్కువ పొయ్యాలి, నాది ఈ20 రాకముందు బండి కాబట్టి ఆ తేడా అంతా ట్రిమ్‌లో కనిపిస్తోంది. ఈ మాట బావకి చెప్తే ఇరవై ఒకటిలో ఆయన వాటా నాలుగేనన్న సంగతి వదిలేసి మొత్తం తనే గెలిచినట్టు చుట్టాలందరికీ చెప్తాడు. చెప్పాలా వద్దా ఇంకా ఆలోచిస్తున్నా.

వచ్చేటప్పుడు హబ్సిగూడలో ట్యాంకు ఫుల్ చేయించి, నాజిల్ మొదటిసారి కట్టయిన దగ్గరే ఆపమని, మీటర్ ఫోటో తీసుకున్నా. అసలు నంబర్ ఈ ట్యాంకు అయ్యాక తెలుస్తుంది, అప్పుడు రాస్తా.