స్టాన్‌ఫర్డ్‌లో ముందు చూడాల్సింది ఆ పిల్లవాడి సమాధి

స్టాన్‌ఫర్డ్ చూడటానికి వెళ్లిన మనవాళ్లు చాలామంది ఓవల్ పచ్చిక మీద ఫొటోలు దిగి, పేరున్న టీషర్టొకటి కొనుక్కుని వెనుదిరుగుతారు. ఆ విశ్వవిద్యాలయం ఎవరి పేరున వెలిసిందో ఆ పిల్లవాడు, లీలాండ్ స్టాన్‌ఫర్డ్ జూనియర్, మాత్రం వాళ్లు కార్లో దాటి వచ్చిన చెట్ల వెనకే ఉంటాడు. మేం ముందు సమాధికి, తర్వాత మ్యూజియానికి, చివర చర్చికి వెళ్లాం. ఈ వరసలో నడిస్తేనే ఆ తల్లిదండ్రుల కడుపుకోత ఎక్కడ మొదలై ఎంత దూరం వెళ్లిందో తెలుస్తుంది.

శాన్‌ఫ్రాన్సిస్కోలో కాల్‌ట్రెయిన్ ఎక్కితే పాలో ఆల్టో సుమారు గంట ప్రయాణం. స్టేషన్ బయట మార్గరీట్ అనే ఉచిత బస్సులుంటాయి, ఎవరైనా ఎక్కవచ్చు. కానీ అవి క్యాంపస్ నడిబొడ్డుకు తీసుకుపోతాయి కాబట్టి సమాధికి నడకే మేలు. పామ్ డ్రైవ్ వెంబడి కొంత దూరం వెళ్లి కుడివైపు చెట్లలోకి మళ్లాలి. పెద్దవాళ్లతో నెమ్మదిగా నడిచినా ఇరవై నిమిషాలు. నీలగిరి చెట్ల కింద రాలిన గట్టి కాయలు గోలీల్లా దొర్లుతాయి, చెప్పులు కాకుండా బూట్లు వేసుకోండి. నవంబరు నుంచి మార్చి దాకా వానలు పడితే ఆ మట్టి దారులు బురదవుతాయి. తోటలో మరుగుదొడ్డి మాకు కనబడలేదు, స్టేషన్లోనో మ్యూజియంలోనో చూసుకోవాలి.

మొదట బ్రహ్మజెముళ్ల తోట దగ్గర ఆగాం. దీన్ని అరిజోనా గార్డెన్ అంటారు. 1880ల మొదట్లో, పక్కనే కట్టబోయే కొత్త ఇంటి కోసం స్టాన్‌ఫర్డ్ దంపతులు రుడాల్ఫ్ ఉల్రిక్ అనే తోటల రూపశిల్పితో వేయించారు. తోట సిద్ధమైంది, కొడుకు పోయాడు, ఇల్లు లేవలేదు. ఆ తర్వాత దశాబ్దాల పాటు పట్టించుకునేవాళ్లు లేక పాడుబడితే, 1997 నుంచి స్వచ్ఛంద కార్యకర్తలు మళ్లీ నిలబెట్టారు. ముళ్ల మొక్కలు బాటల మీదికి వాలి ఉంటాయి, చిన్నపిల్లల చెయ్యి వదలొద్దు.

లీలాండ్ స్టాన్‌ఫర్డ్ కాలిఫోర్నియా మాజీ గవర్నరు, సెంట్రల్ పసిఫిక్ రైలు మార్గం వేయించిన నలుగురు భాగస్వాముల్లో ఒకడు. భార్య జేన్. పెళ్లయిన పద్ధెనిమిదేళ్లకు, ఆమె ముప్పై తొమ్మిదో ఏట, 1868 మే 14న లేకలేక పుట్టిన ఒక్కగానొక్క కొడుకు లీలాండ్ జూనియర్. పాత వస్తువులంటే ఆ పిల్లవాడికి ప్రాణం. 1883-84 చలికాలం యూరప్ ప్రయాణంలో, ఏథెన్స్‌లో, ట్రాయ్ నగరాన్ని తవ్వి తీసిన ష్లీమన్‌ను కూడా కలిశాడు. ఆ ప్రయాణంలోనే టైఫాయిడ్ పట్టుకుంది. ఫ్లోరెన్స్‌లో మంచి వైద్యం దొరుకుతుందని తీసుకెళ్లారు. వారాల తరబడి జ్వరం తగ్గుతూ పెరుగుతూ, 1884 మార్చి 13న ప్రాణం పోయింది. పదహారు నిండటానికి రెండు నెలలు తక్కువ.

అప్పటి వైద్యుల చేతిలో ఏముంది? టైఫాయిడ్ క్రిమిని ఎబెర్త్ గుర్తించింది 1880లో, గాఫ్కీ దాన్ని విడిగా పెంచి చూపింది సరిగ్గా ఆ 1884లోనే. దాన్ని చంపే మందు క్లోరాంఫెనికాల్ వచ్చేసరికి 1948. కలుషితమైన నీళ్లతో, తిండితో లోపలికి పోయే ఈ క్రిమి రోజుల తరబడి బయటపడదు, ఏ ఊళ్లో సోకిందో కూడా తేలదు. డబ్బుకు కొదవలేని ఇంట్లోనూ కొనడానికి మందే లేదు. ఇప్పుడు మన హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసే టీకాను ఆరు నెలలు నిండిన పసివాళ్లకే వేయవచ్చు. సమాధి ముందు నిలబడితే ఈ సంగతి గుర్తుకు రాకుండా ఉండదు.

సమాధి మందిరం గ్రానైటుతో కట్టిన గ్రీకు గుడిలా ఉంటుంది. తల్లి, తండ్రి, కొడుకు ముగ్గురూ లోపలే ఉన్నారు. తలుపులు మామూలుగా మూసే ఉంటాయి, చుట్టూ తిరిగి చూడాల్సిందే. ముందు వైపు సింహం ఒంటికి మనిషి తల ఉన్న ఈజిప్టు తరహా స్ఫింక్స్ విగ్రహాలు, వెనక వైపు స్త్రీ రూపంలో ఉన్న గ్రీకు స్ఫింక్స్ విగ్రహాలు. నిజానికి ఆ స్త్రీ విగ్రహాలనే ముందు పెట్టడానికి చెక్కించారట. అవి జేన్‌కు నచ్చక వెనక్కి మార్పించారు. కొడుకు గుమ్మం ముందు ఏ విగ్రహం ఉండాలో కూడా ఆ తల్లే తేల్చింది.

కొద్ది దూరంలో ఒక పాలరాతి దేవదూత రాతి పీఠం మీద ముఖం దాచుకుని కుప్పకూలి ఉంటుంది. ఒక చెయ్యి పీఠం అంచు మీంచి వేలాడుతుంది, వేళ్లలో పట్టు లేదు, రెక్కలు రెండు పక్కలా కిందికి జారి ఉంటాయి. చాలామంది ఇదే పిల్లవాడి సమాధి అనుకుంటారు. కాదు, జేన్ తన తమ్ముడి స్మృతిలో పెట్టించింది. 1906 భూకంపంలో దెబ్బతింటే మళ్లీ చెక్కించారు. పిల్లల ఆస్పత్రి ఇక్కడికి దగ్గరే. ఈ చెట్ల నీడన ఒంటరిగా కూర్చున్నవాళ్లు కనిపిస్తే వాళ్లు ఏ వార్డు నుంచి లేచి వచ్చారో మనకు తెలియదు. ఫొటోల కోసం వాళ్లను పక్కకు జరగమనకండి.

అక్కణ్నుంచి పది నిమిషాల నడకలో మ్యూజియం, ఇప్పటి పేరు కాంటర్ ఆర్ట్స్ సెంటర్. ప్రవేశం ఉచితం. సోమ, మంగళవారాలు మూసి ఉంటుంది. బయల్దేరే ముందు వేళలు చూసుకోండి. కొడుకు పోగుచేసిన వస్తువులే దీనికి మూలం. ఇంట్లో వాడు ఎలా అమర్చుకున్నాడో అలాగే పెట్టాలని జేన్ పట్టుబట్టింది. ఆ అమరిక 1906 దాకానే నిలిచింది. భవనం మధ్య భాగాన్ని ఇనుప కడ్డీలు వేసిన కాంక్రీటుతో కట్టారు కాబట్టి ఆ భూకంపాన్ని తట్టుకుంది. తర్వాత చేర్చిన పక్క భాగాలు ఇటుకలవి కావడంతో చాలావరకు కూలిపోయాయి. 1989 భూకంపం మళ్లీ మూయించింది, 1999లో తెరిచారు. చాలామంది ఫ్రెంచి శిల్పి రొదాన్ కంచు విగ్రహాలు చూసి బయటికి వచ్చేస్తారు. స్టాన్‌ఫర్డ్ కుటుంబం వస్తువులు ఎక్కడున్నాయో ముందే అడిగి అటే వెళ్లండి.

ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. చిరిగిన బట్టలతో వచ్చిన ముసలి దంపతులను హార్వర్డ్ అధ్యక్షుడు అవమానిస్తే పంతంతో స్టాన్‌ఫర్డ్ కట్టారనే కథ వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంటుంది. అది అబద్ధం. పిల్లవాడు హార్వర్డ్‌లో చదవనే లేదు. ఆ దంపతులు హార్వర్డ్ అధ్యక్షుడు ఎలియట్‌ను కలిసిన మాట నిజం, అది సలహా కోసం. కార్నెల్‌కూ, ఎంఐటీకీ కూడా వెళ్లారు. కొడుకును పోగొట్టుకున్నవాళ్ల ఓపికను పంతంగా మార్చి చెప్పడం అన్యాయం.

దానపత్రం 1885 నవంబరు 11న రాశారు. శంకుస్థాపన 1887 మే 14న, కొడుకు పుట్టినరోజున. తరగతులు 1891 అక్టోబరు 1న మొదలయ్యాయి, ఫీజు లేకుండా, ఆడపిల్లలకూ చోటిస్తూ. పూర్తి పేరు ఇప్పటికీ లీలాండ్ స్టాన్‌ఫర్డ్ జూనియర్ విశ్వవిద్యాలయం.

క్వాడ్ అనే పాత భవనాల చతురస్రపు ఆవరణలోని మెమోరియల్ చర్చి మాత్రం కొడుకుది కాదు. జేన్ దాన్ని భర్త జ్ఞాపకార్థం కట్టించింది, 1903లో ప్రారంభమైంది. వెనిస్ పనివాళ్ల మొజాయిక్ ముందు గోడ నిండా మెరుస్తుంది. పెళ్లిళ్లూ ప్రార్థనలూ ఉన్నప్పుడు లోపలికి రానివ్వరు, వారం మధ్యలో పగటిపూట వెళ్లడం మంచిది.

భర్త 1893లో పోయాక ఆస్తి కోర్టులో చిక్కుకుంది. రైల్వే అప్పు కింద ప్రభుత్వం కోటీ యాభై లక్షల డాలర్ల దావా వేసింది. ఇంటి ఖర్చుకని కోర్టు అనుమతించిన నెలకు పదివేల డాలర్లలోంచే జేన్ అధ్యాపకుల జీతాలు సర్దింది. 1896లో సుప్రీంకోర్టు తీర్పు ఆమెకు అనుకూలంగా వచ్చేదాకా అలాగే నెట్టుకొచ్చింది. ఆమె చేసినవన్నీ మెచ్చుకోదగ్గవి కావు. ఆడపిల్లల సంఖ్య పెరుగుతుంటే, కొడుకు స్మారకం ఆడవాళ్ల కాలేజీ అయిపోతుందన్న భయంతో 1899లో అయిదు వందలకు మించకూడదని హద్దు పెట్టింది. ఎవరి బిడ్డ పేరున తలుపు తెరిచిందో ఆ పేరునే కొందరి బిడ్డలకు మూసింది.

1897లో నగలు అమ్ముదామని లండన్ తీసుకెళ్తే సరైన ధర రాలేదు. చివరికి వాటి సొమ్ము గ్రంథాలయానికి పుస్తకాలు కొనే నిధిగా మారింది. ఆ నిధితో కొన్న పుస్తకాల్లో ఒక ముద్రాపత్రం అతికిస్తారు, జేన్ తన నగలను జ్ఞానదేవత ఎథీనాకు సమర్పిస్తున్నట్టు దాని మీద బొమ్మ. చూడాలంటే గుర్తింపు కార్డుతో గ్రీన్ లైబ్రరీలో సందర్శకులుగా నమోదు చేసుకుని, పాత పుస్తకాల అట్ట లోపలివైపు తిప్పి వెతకాలి.